నిప్పురవ్వకూ ముహూర్తముంది

మా ఇంట్లో కంప్యూటరుకు కరెంటు అందిందనడానికి సాక్ష్యం తెర మీది వెలుగు కాదు, గోడ దగ్గరి చప్పుడు. ప్లగ్గు సాకెట్టులోకి దిగుతుండగా ‘టప్’మని ఒక శబ్దం, పిన్నుల సందున నీలంగా ఒక మెరుపు, ఆ వెంటనే హాల్లో పేపరు చదువుకుంటున్న మా నాన్నగారు తల ఎత్తకుండానే “ఆఁ, వచ్చింది” అని ధ్రువీకరిస్తారు. ఏళ్ల తరబడి నిర్విఘ్నంగా సాగుతున్న ఈ ఆచారాన్ని కొందరు ఎలక్ట్రీషియన్లు అజ్ఞానమని ఈసడిస్తున్నందున, దాని శాస్త్రీయ పునాదులను పాఠకుల ముందుంచడం నా కర్తవ్యంగా భావిస్తున్నాను.

ఈ చప్పుడు రోజూ ఒకేలా రాదు. ఒకనాడు టపాకాయలా పేలుతుంది, మరునాడు ఉలుకూ పలుకూ ఉండదు. అంతా ముహూర్తబలమేనని మా అత్తయ్య మొదటి నుంచీ చెబుతూనే ఉంది. విచారించగా ఆవిడ మాటే నిజమని తేలింది. మన ఇళ్లకు వచ్చే 230 వోల్టుల విద్యుత్తు ఒకచోట నిలిచేది కాదు. అటూ ఇటూ ఊగుతూ సెకనుకు 100 సార్లు సున్నాను దాటుతుంది, 100 సార్లు దాదాపు 325 వోల్టుల శిఖరాన్ని తాకుతుంది. పిన్ను సున్నా దగ్గర తగిలితే శుభముహూర్తం, శిఖరం దగ్గర తగిలితే దుర్ముహూర్తం. రెండింటికీ మధ్య ఎడం 5 మిల్లీసెకన్లు. ఇంతటి సూక్ష్మకాలాన్ని గణించడానికి పంచాంగకర్తలెవరూ ముందుకు రాకపోవడం విచారకరం.

మెరుపుకు మూలం మాత్రం కంప్యూటరు పెట్టెలో, గోడ కరెంటును దానికి తగ్గట్టు మార్చి ఇచ్చే ఎస్‌ఎంపీఎస్‌లో ఉంది. వచ్చిన కరెంటును నిలవ చేసుకునే పెద్ద కెపాసిటర్లు అందులో ఖాళీ కడుపుతో, మొదటి బంతికి కూర్చున్న మగపెళ్లివారిలా కాచుకుని ఉంటాయి. మామూలుగా ఒక ఆంపియరైనా వాడని కంప్యూటరు ఆ తొలి కొన్ని మిల్లీసెకన్లలో పదుల ఆంపియర్లు లాగేయగలదు. ఈ ఆబను అదుపు చేయడానికి చాలా ఎస్‌ఎంపీఎస్‌లలో థర్మిస్టరు అనే చిన్న బిళ్ల పెడతారు. అది చల్లగా ఉన్నంతసేపు అడ్డుపడి, వేడెక్కాక దారి వదులుతుంది. కంప్యూటరును ఆపి, అరనిమిషం కాకుండానే మళ్లీ ప్లగ్గు గుచ్చేవారికి ఆ బిళ్ల వేడిగానే దొరుకుతుంది గనుక, కాపలావాడు కునుకు తీస్తుండగా మగపెళ్లివారు వంటశాలలోకే వచ్చేస్తారు.

ఇంత గొప్ప దృశ్యాన్ని చెడగొట్టే సాధనం సాకెట్టు పక్కనే ఉంది. దాన్ని స్విచ్ అంటారు. అమెరికాలో ఉన్న మా మేనల్లుడి ఇంట్లో సాకెట్లకు స్విచ్చులే లేవు, పాపం వాళ్లు మెరుపును గత్యంతరం లేక భరిస్తారు. మనకు సాకెట్టు సాకెట్టుకూ స్విచ్ ఉన్నా దాన్ని ముట్టుకోకపోవడం మన నిగ్రహానికి గుర్తు. మా ఇంట్లో ఆ స్విచ్ బీరువా వెనక ఉంది, పైగా మోడెం కూడా దాని మీదే నడుస్తుంది కాబట్టి ఎవరూ ఆపకుండా టేపు అంటించి ఉంచాం.

ప్లగ్గులోని మూడో పిన్ను సంగతి కూడా చెప్పాలి. అందరికంటే ముందు తగిలి, అందరికంటే వెనక వదలాలని ఆ ఎర్త్ పిన్నును పొడవుగా, లావుగా చేస్తారు. మా ఎక్స్‌టెన్షన్ బాక్సులో అది పట్టలేదు గనుక విరిచేశాం. అప్పటి నుంచి కంప్యూటరు పెట్టెను తాకితే చీమ కుట్టినట్టు జిల్లుమంటోంది. ఎస్‌ఎంపీఎస్‌లోని ఫిల్టరు ద్వారా వచ్చే ఆ కొద్దిపాటి కరెంటు ఎర్తులోకి పోవాల్సింది, దారి లేక మా వేళ్లలోంచి పోతోంది. చెప్పులు వేసుకుని ముట్టుకోవాలన్నది గృహశాసనం.

ఒక్కసారి ‘టప్’మని ఊరుకునే చప్పుడు ఇలా ఉండగా, రోజంతా ‘చిర్ర్’మని సన్నగా పాడే చప్పుడు మరొకటి ఉంది. ఏళ్ల తరబడి ఒక్కో మెరుపూ ఇత్తడిని కొరికి గరుకు చేయగా, సాకెట్టు లోపలి రేకులు బిగువు కోల్పోయి పిన్నును వదులుగా పట్టుకున్నప్పుడు పుట్టే పాట అది. దాంతో సాకెట్టు వేడెక్కుతుంది, ప్లాస్టిక్కు గోధుమరంగు తిరుగుతుంది, కాలిన వాసన వస్తుంది. మొదటి చప్పుడుకు ఉలిక్కిపడే చుట్టాలు కూడా రెండోదాన్ని పట్టించుకోరు. కరెంటు మితిమీరితే దానంతటదే ఆపేసే ఎంసీబీ సైతం పడదు; కంప్యూటరు వాడే కరెంటుకు మించి అక్కడ పారడం లేదు కాబట్టి దానికి అంతా సవ్యంగానే కనబడుతుంది. మా చికిత్స అట్టముక్క మడిచి ప్లగ్గు కింద దోపడం. అట్టముక్క అంటుకునే గుణం కలదని మాకు తెలియకపోలేదు.

మొన్న ఆదివారం నేను లేని సమయం చూసి మా ఆవిడ ఎలక్ట్రీషియన్‌ను పిలిపించింది. అతను బీరువా జరిపి, కొత్త సాకెట్టు బిగించి, మూడు పిన్నుల తీగ తగిలించి, స్విచ్ ఆపి ప్లగ్గు పెట్టి, ఆ తర్వాతే స్విచ్ వేశాడు. మెరుపు లేదు, చప్పుడు లేదు. హాల్లో నాన్నగారు పేపరు దించి కాసేపు చెవి ఒగ్గి విన్నారట. ఆపైన లేచి, అలమరలోంచి టెస్టరు తీసుకుని, “ఈ సాకెట్టులో కరెంటు రావడం లేదు, పాతదే పెట్టమనండి” అన్నారట.