తలగడ కింద జొన్నరొట్టె

అనంతపురంలో మా వీధి వాట్సాప్ బృందంలో వారం రోజులుగా ఒక సందేశం తిరుగుతోంది. ఫాస్టర్ కేర్ పిల్లలకు, అంటే దత్తత కాకుండా కొంతకాలం పెంచడానికి ఒక కుటుంబానికి అప్పగించిన పిల్లలకు, కడుపునిండా తిండి, కాస్త ప్రేమ చాలట. పసివాళ్లకు గతం గుర్తుండదట. మానసిక వైద్యుడికి చూపిస్తే పిచ్చి ముద్ర పడుతుందట. అవసరమున్నవారికి సాయం ఎలాగూ అందుతుందట. మంచి మనసుతోనే పంపుతున్నారు, అందుకే ఊరుకోలేకపోతున్నాను.

ముందు తిండి సంగతి. మా అక్క ఇంటికి ఏడేళ్ల బాబు వచ్చాడు. రోజూ పొద్దున పక్క దులిపితే తలగడ కింద జొన్నరొట్టె ముక్క, ఎండి అట్టలా. వంటింట్లో డబ్బా నిండా రొట్టెలున్నాయని వాడికి తెలుసు. తెలిసీ దాచేవాడు. తలుపు గట్టిగా పడితే మంచం కిందకు దూరేవాడు. ఈ ఇల్లు రేపు ఉంటుందో లేదో అన్న భయం అన్నంతో తీరుతుందా?

ప్రేమకు విలువ లేదనను. రుమేనియాలోని బుకారెస్ట్‌లో 2000లో మొదలైన పరిశోధనలో అనాథాశ్రమాల్లోని 136 మంది పసివాళ్లలో సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపారు. నాలుగున్నరేళ్ల వయసుకు వారిలో ఆందోళన, కుంగుబాటు ఆశ్రమంలో ఉన్నవారితో పోలిస్తే సగమే. కానీ ప్రవర్తన సమస్యలు, అతిచురుకుదనం తగ్గలేదు. రెండేళ్లు నిండకముందే ఇల్లు దొరికినవారి తెలివితేటలు ఎక్కువగా కోలుకున్నాయి. గుర్తులేనంత మాత్రాన గాయం మానిందని ఎలా అనుకుంటాం?

ముద్ర మాటకొస్తే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స వివరాలను గోప్యంగా ఉంచమంటుంది. బాలల న్యాయ చట్టం కింది 2016 నిబంధనల ప్రకారం ప్రతి బిడ్డకూ రాసే సంరక్షణ ప్రణాళికలో మానసిక అవసరాలూ ఉండాలి. ముద్ర వేసేది ఇరుగుపొరుగు నోళ్లే.

సాయం దానంతట అదే అందదు. అమెరికాలో బాలల రక్షణ విభాగం విచారణ జరిపిన కుటుంబాల పిల్లలపై 2004లో వెలువడిన జాతీయ అధ్యయనంలో దాదాపు సగం మందికి తీవ్రమైన మానసిక, ప్రవర్తన సమస్యలు కనిపించాయి. వారిలో ఆ ఏడాది నిపుణుల చికిత్స అందింది నాలుగో వంతుకే. అంత వ్యవస్థ ఉన్నచోటే అలా ఉంటే, ఇక్కడ పెద్దలే చొరవ తీసుకోవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

మా అక్క బాబును కౌన్సెలర్ దగ్గరకు తీసుకెళ్లింది. ఆవిడ చెప్పినట్టే రోజూ రాత్రి మూతగిన్నెలో ఒక రొట్టె బాబు మంచం పక్కనే పెట్టేది. నాలుగో నెలలో, తెల్లవారాక కూడా ఆ గిన్నె మూత తీయకుండా ఉండటం మొదలైంది.