తలతన్యత

1995 సెప్టెంబర్ 21, గురువారం. పొద్దున్నే ఎదురింటి పిన్నిగారికి హైదరాబాద్ నుంచి ఎస్టీడీ ఫోను. ఢిల్లీలో వినాయకుడు పాలు తాగుతున్నాడట. ఆ మాట మా వీధి మలుపు తిరిగేసరికి మధ్యలో ఢిల్లీ ఎక్కడో జారిపోయి, మా ఊరి గుళ్ళోనే తాగుతున్నాడని తేలింది.

మా నాన్న హైస్కూల్లో సైన్సు మాస్టారు. "అది తలతన్యత. చెంచా అంచు తొండానికి ఆనగానే పాలు పల్చటి పొరలా రాయి మీంచి జారిపోతాయి. కంటికి ఆనవంతే" అని పళ్ళు తోముకుంటూనే తేల్చేశాడు.

"తలేగా మరి! ఏనుగు తల" అంది బామ్మ, ఇంట్లో ఉన్న లీటరు పాలూ గిన్నెతో సహా నా చేతికిస్తూ.

అమ్మ బాధ వేరు. మూడు వారాల కిందటే చవితి బొమ్మను చెరువులో కలిపేశాం. ఉంచుకుంటే ఇంట్లోనే తాగించేవాళ్ళం కదా!

రెండు గంటలు లైన్లో నిలబడ్డాక నా వంతు వచ్చింది. ఉద్ధరిణి తొండానికి ఆనించాను. పాలు నిజంగానే తగ్గాయి! ఒళ్ళు జలదరించింది. మరుక్షణం మోచేతి దగ్గర చల్లగా తగిలింది. స్వామి తాగినవన్నీ బొజ్జ మీంచి తిన్నగా నా చొక్కా చేతిలోకి దిగుతున్నాయి. (ఢిల్లీలో శాస్త్రవేత్తలు పాలలో రంగు కలిపి మరీ ఈ సంగతి చూపించారని తర్వాత తెలిసింది. మా ఊళ్ళో ప్రయోగం నా చొక్కా మీద, రంగు లేకుండా జరిగింది.)

"తాగాడా?" వెనక నుంచి గొంతులు.

రెండు గంటలు నిలబడ్డ పద్నాలుగేళ్ళవాడు ఏం చెబుతాడు? "తాగాడు" అన్నాను. బయటికొస్తుంటే తోపులాటలో గిన్నెలో మిగిలినవి ఎవరి వీపో తాగేసింది.

సాయంత్రం పిన్నిగారు పరుగున వచ్చింది. "విన్నారా! పోస్టాఫీసు వీధి కుర్రాడెవరో పోస్తే గిన్నెడూ గటగటా తాగేసి, ఇంకా కావాలన్నట్టు తొండం ఊపాడట!"

మాది పోస్టాఫీసు వీధే.

"విన్నావుట్రా?" అంది బామ్మ. నాన్న చేతిలో నల్లటి డికాక్షన్ గ్లాసు. పాలచుక్క మా ఇంట్లోనే కాదు, వీధిలోనే లేదు. ఓ గుక్క మింగి, మొహం చిట్లించి, దండెం మీద చీమలు పట్టిన నా చొక్కా వంక చూశాడు.

"ఏరా, నిజంగా తాగాడా?"

బామ్మ నావైపే చూస్తోంది.

"తొండం మాత్రం ఊపలేదు నాన్నా" అన్నాను.