అయోధ్య రాకుమారికి ఓటీపీ రాలేదు

భారత్-కొరియా స్నేహం మీద మైకు దొరికిన ప్రతివాళ్లూ ఒకటే కథ చెప్తారు. క్రీ.శ. 48లో అయోధ్య నుంచి ఒక రాకుమారి ఓడెక్కి వచ్చి ఇక్కడి, అంటే నేనిప్పుడుంటున్న దక్షిణ కొరియాలోని, గాయా రాజ్యపు రాజు సురోని పెళ్లాడిందట, కాబట్టి మనం రెండు వేల ఏళ్లుగా వియ్యాలవారమట. ఆవిడ పేరు హియో హ్వాంగ్-ఓక్. అయోధ్యలో ఆవిడకో స్మారక పార్కుంది, 2018లో అప్పటి దక్షిణ కొరియా అధ్యక్షుడి భార్య అక్కడికొచ్చి దీపావళి ఉత్సవంలో కూడా కూర్చున్నారు. ఈ కథ రాసింది 13వ శతాబ్దపు బౌద్ధ సన్యాసి, అంటే పెళ్లయిన పన్నెండు వందల ఏళ్ల తర్వాత. అందులో చెప్పిన ‘అయుత’ మన అయోధ్యేనా అని చరిత్రకారులు ఇంకా తగువులాడుకుంటూనే ఉన్నారు, కానీ చరిత్రకారులకి మైకు ఎవరిస్తారు లెండి.

సరే, వియ్యాలవారమే. ఒప్పుకున్నాను. మరి ఈ వియ్యాలవారి ఊళ్లో నా పేరు మీద ఒక ఫోన్ నంబరు ఇప్పించండి.

కొత్తగా వచ్చినవాళ్లకి తప్ప మిగతావాళ్లకి ఈ గోడు అర్థం కాదు కనుక చెప్తాను. మా ఆయనకి ఇక్కడి దేజాన్ నగరంలో పరిశోధన ఉద్యోగం, నాకూ పాపకీ ఆయన వెంట వచ్చినవాళ్లకిచ్చే ఎఫ్-3 వీసా. ఈ దేశంలో ఏ పని చేయాలన్నా ముందు నువ్వు నువ్వేనని ఫోన్ ద్వారా రుజువు చేసుకోవాలి, దాన్ని ‘పోనిన్ ఇంజుంగ్’ అంటారు. దానికి ఫోన్ కనెక్షన్ నీ పేరు మీదే ఉండాలి, పాస్‌పోర్టు చూపించి కొన్న ప్రీపెయిడ్ సిమ్ పనికిరాదు. అసలు కనెక్షన్ కావాలంటే 13 అంకెల నంబరున్న విదేశీయుల కార్డు కావాలి. ఆ కార్డుకి ఇమిగ్రేషన్ ఆఫీసులో ముందుగా టైము బుక్ చేసుకోవాలి, వెళ్లొచ్చాక వారాల తరబడి ఎదురుచూడాలి. ఈలోపు బియ్యం, బస్సు కార్డు, గాలి దొరుకుతాయి. మిగతావన్నీ మా ఆయన ఫోన్‌లో ఉంటాయి.

ఇక్కడే నాకు పాపం ఆ రాకుమారి గుర్తొస్తుంది. పదహారేళ్ల పిల్ల, నెలల తరబడి సముద్రం దాటి వచ్చింది, ఓడలో అలలు శాంతించడానికి ఒక రాతి స్తూపం కూడా వేసుకొచ్చింది (ఆ రాళ్లు ఇప్పటికీ గింహేలో ఆవిడ సమాధి దగ్గర ఉన్నాయి, వెళ్లి చూడొచ్చు). ఒడ్డున దిగగానే కౌంటర్ వెనకాల అబ్బాయి టోకెన్ ఇచ్చి కూర్చోమంటాడు. మిమ్మల్ని పిలిపించినవారు ఎవరండీ? దేవుడు. ఎలా పిలిచారు? మా అమ్మానాన్నలకి కలలో కనపడి పంపమన్నాడు. ఆ కలకి అపోస్టిల్ ముద్ర, అంటే పరాయి దేశంలో చెల్లేలా వేసే ప్రభుత్వ ముద్ర, ఉందా? లేదు. సరే, వరుడి కుటుంబ పత్రం? వరుడు ఆకాశం నుంచి దిగిన బంగారు గుడ్డులోంచి పుట్టాడండీ, తల్లిదండ్రుల గడి ఖాళీగా వదిలేశాం. గడి ఖాళీగా ఉంటే సైటు తర్వాతి పేజీకి వెళ్లదమ్మా. పోనీ గుడ్డు పెంకు చూపించమంటారా? పెంకు తడి చెత్తలో వేశారా? ఇక్కడ గుడ్డు పెంకు తడి చెత్త కిందికి రాదు, ఉల్లిపొట్టులాగే మామూలు చెత్త సంచిలో వేయాలి, వేరే సంచిలో వేస్తే జరిమానా. రాకుమారి ఏడుపు ఆపుకుంటూ నేను రాణినండీ అంటుంది. అలాగేనమ్మా, మీ ఫోన్‌కి ఆరంకెల నంబరు పంపాం, మూడు నిమిషాల్లో టైపు చేయండి. ఫోన్ లేదండీ. ఫోన్ లేదా? అయితే ఫోన్ తీసుకోవడానికి మీరు మీరేనని ఫోన్ ద్వారా రుజువు చేసుకోండి.

రాతి స్తూపంతో సహా వెనక్కి వెళ్లిపోయేది. రెండు వేల ఏళ్ల బంధుత్వం ఆ కౌంటర్ దగ్గరే తెగిపోయేది.

నా కార్డు చివరికి వచ్చింది. అక్కడ అసలు పురాణం మొదలైంది, ఎందుకంటే మాది తెలుగు పేరు. 2015 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ ప్రతి అయిదుగురిలో ఒకరు కిమ్, మొత్తం పేరు సాధారణంగా మూడక్షరాలు. నా పేరులో ఇంటిపేరు, నాయనమ్మ పేరు, మొక్కుకున్న అమ్మవారి పేరు, చివర్న లక్ష్మి. అది చాలక మన పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, అంతా కలిపి ఒకే గడిలో కుక్కి పెట్టారు (ఇది మన ఘనకార్యం, దీనికి కొరియావాళ్లని అనలేం). కార్డు మీద అంతా కలిసిపోయింది, బ్యాంకులో చివర కోసుకుపోయింది, ఫోన్ షాపులో విడివిడిగా పడింది. మూడు చోట్లా నేనే, కానీ మూడూ ఒకదాన్నొకటి గుర్తుపట్టవు. ఖాళీ తీసి కొట్టాను, పెట్టి కొట్టాను, పెద్ద అక్షరాలతో కొట్టాను. ‘వివరాలు సరిపోలడం లేదు’. హైదరాబాదులో నా కింద పద్నాలుగు మంది పనిచేసేవాళ్లు, నేను సరే అంటే తప్ప బిల్లులు కదిలేవి కావు. ఇక్కడ పెరుగు ఆర్డర్ చేయాలన్నా ఫోన్ చేసి “ఏమండీ, మీకు ఓటీపీ వచ్చిందా?” అని అడగాలి.

నవ్వుకోండి, పర్లేదు, నేనూ నవ్వుకున్నాను. బడి సంగతి దాకా.

పాప బడివాళ్లు సమాచారమంతా యాప్‌లో పంపుతారు. ఆ యాప్‌లో తల్లి పేరు ‘ధ్రువీకరించబడలేదు’. ఒకరోజు పిల్లల్ని ముందుగా వదిలేస్తున్నామని యాప్‌లో పెట్టారు. అది మా ఆయన ఫోన్‌కి వెళ్లింది, ఆయన ల్యాబులో, ఫోన్ లాకరులో. నేను రోజూ వెళ్లే టైముకి వెళ్లేసరికి పిల్లలందరూ ఎప్పుడో వెళ్లిపోయారు, వాన, కొరియన్ ఒక్క ముక్కా రాని మా పాప గేటు దగ్గర నిలబడి ఉంది. పక్క వీధి కూరగాయల కొట్టు హల్మొని, అంటే బామ్మగారు, తన గొడుగు దాని నెత్తిన పట్టుకుని తను తడుస్తూ నిలబడింది. ఆవిడ ఏ ఓటీపీ అడగలేదు. ముఖాలు చూసి తల్లీబిడ్డలమని తెలుసుకుని పాప చెయ్యి నా చేతిలో పెట్టింది.

తొమ్మిది నెలలు మోసి కన్నాను. నేను తల్లినని ఏ సర్వరు నాకు ధ్రువీకరించాలి? ఆరేళ్ల పిల్ల వానలో నిలబడితే, మర్నాడు బడి ఆఫీసులో అమ్మాయి నవ్వుతూ, నమ్రతగా నడుం వంచి, “సిస్టమ్ అలా ఉంది” అంటుందా? సిస్టమ్ ఆకాశం నుంచి బంగారు గుడ్డులో దిగలేదు కదా! ఎవరో కూర్చుని రాశారు, పేరంటే మూడక్షరాలేనని అనుకుని రాశారు, మిగతా ప్రపంచం ఎలా పేర్లు పెట్టుకుంటుందో అడగాలని వాళ్లకి తోచనే లేదు. పిల్లలు పుట్టడం లేదు, పనిచేసేవాళ్లు లేరు, విదేశీయులారా రండి అని పిలిచేది మీరే. వచ్చిన మనిషిని వాకిట్లోనే నిలబెట్టి నువ్వెవరని అడుగుతూ ఉండేదీ మీరే. వెంట వచ్చిన భార్య అంటే సామానుతో పాటు దిగిన ఇంకో పెట్టె అనుకున్నారా?

మా ఆయన ఒక పరిష్కారం కనిపెట్టారు. పేరు కుదించుకోమంటున్నారు. రెండు ముక్కలుంటే చాలట, అందరూ అలాగే చేస్తున్నారట, లక్ష్మి తీసేస్తే బ్యాంకు ఒప్పుకుంటుందట. లక్ష్మిని తీసేసి బ్యాంకుకి వెళ్లమనే మొగుణ్ణి నేనెక్కడా చూడలేదు. ఒక్కక్షరం కూడా తీయనని చెప్పాను. అంతవరకూ ఈ ఇంట్లో పెరుగు, పప్పు, పాప బూట్లు, గ్యాసు బిల్లు అన్నీ ఆయనే చూసుకుంటారు, ఏమండీ, మీటింగులో ఉన్నానంటే కుదరదు.