ఏరు మళ్లీ అడ్డొస్తే బోడి మల్లయ్యే ఓడ మల్లయ్య

1941 వేసవి. జర్మన్ సైన్యం సోవియట్ సరిహద్దు దాటి లోపలికి దూసుకొస్తోంది. శత్రువు వెనక భాగానికి చేరి రైలు పట్టాలు లేపేయగలవాళ్లు, దొంగ పేర్లతో పరాయి దేశంలో ఏళ్ల తరబడి బతకగలవాళ్లు అర్జెంటుగా కావాలి. అలాంటివాళ్లు మాస్కోలో లేక కాదు, జైల్లో ఉన్నారు. జైల్లో వేసింది కూడా వాళ్లు పనిచేసిన రహస్య పోలీసు శాఖ ఎన్‌కేవీడీయే. అందులో గెరిల్లా దళాల పని చూస్తున్న పావెల్ సుదోప్లాతోవ్ కొందరి పేర్లు రాసుకుని పెద్ద బాస్ లావ్రెంతీ బెరియా దగ్గరికి వెళ్లాడు. వీళ్లను వదిలితే పనికొస్తారన్నాడు. వాళ్లు తప్పు చేశారా లేదా అన్న మాటే బెరియా ఎత్తలేదట. ఒక్కటే అడిగాడట: వీళ్లు మనకు కావాలని నీకు గట్టి నమ్మకమేనా?

ఇది సుదోప్లాతోవ్ ముసలితనంలో చెప్పుకున్న సంగతి. ఆయన జ్ఞాపకాల్లో తనను తాను మంచివాడిగా చూపించుకునే ధోరణి చాలాచోట్ల కనిపిస్తుంది. కొంత తరుగు తీసే చదవాలి. ఆ ప్రశ్న మాత్రం కల్పించినట్టు అనిపించదు. ఆ జాబితాలో ఉన్నవాళ్లకు తర్వాత జరిగిందంతా చూస్తే, అక్కడ ఇంకో ప్రశ్నకు చోటే లేదని అర్థమవుతుంది.

మన తెరమీద ఈ సీన్ ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. ఎక్కడో కొండల్లో గడ్డం పెంచుకుని హీరో కట్టెలు కొట్టుకుంటుంటాడు. నల్ల కారు వచ్చి ఆగుతుంది. ఒకప్పుడు వెన్నుపోటు పొడిచిన డిపార్ట్‌మెంట్ పెద్దమనిషి దిగి, దేశానికి నీ అవసరం పడిందంటాడు. హీరో రెండు నిమిషాలు మొహం తిప్పుకుంటాడు, తర్వాత ట్రంకుపెట్టె తెరుస్తాడు. థియేటర్లో ఈలలు. ఆ ఈలల వెనక ఒక నమ్మకం ఉంది: వెనక్కి పిలవడమంటే తప్పు ఒప్పుకోవడమే, క్షమాపణ అడగడమే అని. నాకు తెలిసిన నిజం కథల్లో మాత్రం అలా జరగలేదు. పిలుపు పిలుపే. ఫైలు ఫైలే. ఒకటి వచ్చిందని రెండోది మూతపడదు.

ఆ జాబితాలోని యాకోవ్ సెరెబ్ర్యాన్‌స్కీ సంగతే చూడండి. 1891లో మిన్‌స్క్‌లో ఒక యూదు ఇంట్లో పుట్టాడు. 1920లలో పాలస్తీనాలో, తర్వాత బెల్జియం, ఫ్రాన్స్‌లలో దొంగ పేర్లతో తిరిగాడు. ఎంబసీలతో సంబంధం లేకుండా విదేశాల్లో పనిచేసే ఒక ప్రత్యేక దళం ఆయన చేతి కింద ఉండేది. శాఖలో దాన్ని ‘యాషా గ్రూపు’ అనేవారు. యాషా అంటే యాకోవ్ ముద్దుపేరు. 1930 జనవరి 26, ఆదివారం. బోల్షెవిక్కులతో పోరాడి ఓడి, ప్రవాసంలో ఉన్న తెల్ల సైన్యం నాయకుడు జనరల్ కుతెపోవ్ పారిస్‌లో చర్చికి నడిచి వెళ్తున్నాడు. దారిలోనే ఆయన్ని కారులో ఎత్తుకుపోయారు. మళ్లీ ఎవరికీ కనిపించలేదు, శవం కూడా దొరకలేదు. ఆ పని చేయించినందుకు సెరెబ్ర్యాన్‌స్కీకి పతకం వచ్చింది. స్పెయిన్ అంతర్యుద్ధం రోజుల్లో ఫ్రాన్స్ నుంచి రిపబ్లిక్ పక్షానికి దొంగచాటుగా విమానాలు చేరవేసిందీ ఆయన మనుషులే. ఆ ఏళ్లలోనే లెనిన్ పతకమూ వచ్చింది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. దగాపడ్డ గూఢచారి అనగానే మనకు జాలి పుట్టుకొస్తుంది. ఈయన చేతులూ అంత శుభ్రమైనవేం కావు. ఆ ఆదివారం కుతెపోవ్ కోసం ఇంట్లో ఎదురుచూసినవాళ్లూ ఉన్నారు. సెరెబ్ర్యాన్‌స్కీకి జరిగిన అన్యాయం అన్యాయమే, కానీ ఆయన్ని బాధితుడిగానే చూస్తే కథ సగమే చెప్పినట్టు.

1938 నవంబర్‌లో ఆయన్ని మాస్కోకు రమ్మన్నారు. భార్య పొలీనాతో కలిసి వచ్చాడు. విమానం మెట్ల దగ్గరే ఇద్దరినీ అరెస్టు చేశారు. తర్వాత ఎన్‌కేవీడీ జైలు లుబ్యాంకా, కొట్టుడు, ఒప్పుకోలు. బ్రిటన్‌కూ ఫ్రాన్స్‌కూ గూఢచారి అన్నారు. యుద్ధం మొదలైంది 1941 జూన్ 22న, మిన్‌స్క్ జర్మన్ల చేతిలో పడింది జూన్ 28న. అంత గందరగోళంలోనూ జూలై 7న కోర్టు తీరిగ్గా కూర్చుని సెరెబ్ర్యాన్‌స్కీకి మరణశిక్ష వేసింది. భర్త గురించి సమాచారం ఇవ్వలేదని పొలీనాకు పదేళ్లు. శత్రువు ఇంటి మీదకి వచ్చేసినా కాగితం పని ఆగలేదన్నమాట!

ఆగస్టులో తలుపు తెరిచారు. శిక్ష మాఫీ, పార్టీ సభ్యత్వం వాపస్, ఉద్యోగం వాపస్. జాబితాలో అందరికీ ఆ అదృష్టం పట్టలేదు. ఫైళ్లు తెప్పించి చూస్తే కొందరిని ఎప్పుడో కాల్చేశారు. అదే శాఖ గూఢచారి థియోడర్ మాలీని 1938లోనే చంపేశారు. అలాంటివాడే సెర్గేయ్ ష్పీగెల్‌గ్లాస్‌ని చంపింది 1941 జనవరిలో. పిలుపు ఆయనకు ఓ ఆరేడు నెలలు ఆలస్యంగా వచ్చింది, అంతే.

దాదాపు మూడేళ్లు జైల్లో ఉంచి చిత్రహింసలు పెట్టిన శాఖకే మళ్లీ పనిచేయడానికి మనిషి ఎందుకు ఒప్పుకుంటాడు? సినిమా అయితే దేశభక్తి అనేసి ఊరుకుంటుంది. అదీ ఉండొచ్చు, కాదనను. కానీ ఒప్పుకోకపోతే మిగిలేది ఏమిటో కూడా చూడాలి. ఆయన నెత్తిన మరణశిక్ష ఉంది, భార్య ఖైదులో ఉంది, పుట్టిన ఊరు నాజీల చేతిలో ఉంది. వయసు యాభైకి దగ్గరపడింది. తెలిసిన విద్య ఒక్కటే, దాన్ని కొనే షాపూ ఒక్కటే. కుండలు చేసేవాడికి ఆ ఊళ్లో సాగకపోతే పక్కూళ్లో సంత ఉంటుంది. గూఢచారి తన విద్య పక్కూరికి పట్టుకెళ్తే దాన్ని ద్రోహం అంటారు. ఇలాంటి చోట ‘ఒప్పుకున్నాడు’ అన్న మాటే సరిపోదనిపిస్తుంది.

యుద్ధమంతా శత్రువు వెనక దాడుల విభాగంలో పనిచేశాడు. 1946లో, తనను 1938లో విచారించిన అబాకుమోవే భద్రతా మంత్రి అయ్యేసరికి రిటైరై ఇంటికెళ్లాడు. సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడాలి.

1953 మార్చిలో స్టాలిన్ పోయాడు. మే నెలలో సుదోప్లాతోవ్ నుంచి మళ్లీ కబురు. అరవై దాటిన మనిషి మళ్లీ డ్యూటీలో చేరాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటాం కదా. ఏరు రెండోసారి అడ్డొచ్చినప్పుడు ఏమవుతుందో ఆ సామెత చెప్పదు. ఈయన జీవితం చెబుతుంది. జూన్ 26న బెరియా అరెస్టయ్యాడు. ఆగస్టులో సుదోప్లాతోవ్‌ని పట్టుకున్నారు, ఆయనకు 15 ఏళ్లు పడ్డాయి. అక్టోబర్ 8న సెరెబ్ర్యాన్‌స్కీనీ, పొలీనానూ మళ్లీ తీసుకెళ్లారు. ఈసారి నేరం: బెరియా మనిషి.

ఆ ఆరోపణ నిలబెట్టడానికి ఆధారం దొరకలేదు. అప్పుడేం చేశారో చూడండి. పాత ఫైలు తీశారు. 1941లో ఇచ్చిన మాఫీని 1954 డిసెంబర్‌లో కోర్టు రద్దు చేసింది. మాఫీ పోయింది కాబట్టి పాత మరణశిక్ష మళ్లీ లేచి కూర్చుంది. దాన్ని 25 ఏళ్ల ఖైదుగా మార్చి అదే దయ అన్నారు. చేయని నేరానికి పడిన శిక్ష, యుద్ధమంతా చాకిరీ చేయించుకున్నాక కూడా, పదమూడేళ్ల తర్వాత తిరిగొచ్చింది.

ఈ కథంతా నాకు ఈ ఒక్క మెలిక దగ్గరే ఆగుతుంది. మాఫీ వేరు, నిర్దోషి అనడం వేరు. మాఫీలో నేరం అలాగే ఉంటుంది, శిక్ష మాత్రం ప్రస్తుతానికి వద్దంటారు. రుణమాఫీ అయిపోయిందన్నా పాస్‌బుక్ ఇంకా బ్యాంకు బీరువాలోనే ఉన్న రైతుకు ఈ తేడా నేను చెప్పక్కర్లేదు. 1941లో బెరియా దగ్గర ‘తప్పు చేశాడా?’ అన్న ప్రశ్న రాలేదంటే అది ఉదారత కాదు. ఆ ప్రశ్నకు ‘లేదు’ అని జవాబు రాస్తే, అరెస్టు చేసినవాళ్ల తప్పు కూడా రికార్డులోకి ఎక్కుతుంది. అడక్కపోతే అందరికీ సౌకర్యం, రేపు మళ్లీ వాడుకోవడానికి ఫైలూ మిగులుతుంది.

1956 మార్చి 30న, బుతిర్కా జైల్లో విచారణ జరుగుతుండగా ఆయన గుండె ఆగింది. అప్పటికి క్రుశ్చేవ్ పార్టీ మహాసభలో స్టాలిన్ దుర్మార్గాల చిట్టా విప్పి నెల దాటింది. నిర్దోషి అన్న కాగితం 1971లో వచ్చింది. పతకాలు తిరిగిచ్చింది 1996లో.

ఇదంతా స్టాలిన్ కాలం, ఇప్పుడలా ఉండదు అనుకోవచ్చు. కొట్టడం, కాల్చడం వరకు నిజమే, అన్ని దేశాలనూ ఒకే గాటన కట్టను. కానీ ‘మాజీ’ అన్న మాట మీద ప్రభుత్వాలకు ఉన్న ముచ్చట మాత్రం తగ్గలేదు. ఉద్యోగంలో ఉన్నవాడు దొరికితే మనవాడని తెలిసిపోతుంది. మాజీ దొరికితే ‘ఆయన ఎప్పుడో రిటైరయ్యాడండీ’ అంటే సరిపోతుంది. అనుభవం అంతా ఉంటుంది, జవాబుదారీ ఉండదు. పాతవాళ్లను పిలవడానికి వాళ్ల నైపుణ్యం ఎంత కారణమో ఇదీ అంతే కారణమని నా అభిప్రాయం.

రాబర్ట్ లెవిన్సన్ 1998లో ఎఫ్‌బీఐ నుంచి రిటైరైన అమెరికన్. 2007 మార్చిలో ఇరాన్‌కు చెందిన కిష్ ద్వీపంలో మాయమయ్యాడు. సొంత పని మీద వెళ్లిన ప్రైవేటు మనిషి అని అమెరికా ప్రభుత్వం ఏళ్ల తరబడి చెప్పింది. సీఐఏలోని కొందరు విశ్లేషకులు, అలా మనుషులను పంపే అధికారం లేకుండానే, కాంట్రాక్టు మీద ఆయన చేత సమాచారం తెప్పించుకున్నారని 2013లో బయటపడింది. అంతకు చాలా ముందే సీఐఏ ఆయన కుటుంబానికి 25 లక్షల డాలర్లు ఇచ్చేసింది. అంటే లోపల డబ్బు కట్టి, బయట ఆ మనిషెవరో తెలియదన్నారు. 2020లో ఆయన చనిపోయాడనే నమ్ముతున్నామని కుటుంబం ప్రకటించింది.

మన దగ్గర కథ ఇంకా చిన్నది, ఇంకా ఇరుకైనది. రాజస్థాన్‌కు చెందిన ఒక తపాలా ఉద్యోగి, రైల్వే మెయిల్ సర్వీసులో పనిచేసేవాడు. 1970లలో తనను నిఘా విభాగం సరిహద్దు అవతలికి పంపిందని, రెండుసార్లు పని ముగించుకుని వచ్చానని, మూడోసారి 1976 డిసెంబర్‌లో పాకిస్థాన్ రేంజర్లకు దొరికిపోయానని ఆయన వాదన. అక్కడ 14 ఏళ్ల శిక్ష పడింది. ఆయన ఆ జైల్లో ఉండగానే 1980లో ఇక్కడ ఉద్యోగం పీకేశారు. కారణం: విధులకు గైర్హాజరు. 1989లో విడుదలై వచ్చాక ఆ సంగతి తెలిసింది. ఇక ట్రిబ్యునల్, హైకోర్టు, సుప్రీంకోర్టు. ఆయనతో మాకే సంబంధమూ లేదని కేంద్రం వాదించింది. సంబంధం లేకపోవచ్చు కూడా, బయటివాళ్లం తేల్చలేం. చిక్కేమిటంటే అలాంటి పని చేసినవాడి దగ్గరా, చేయనివాడి దగ్గరా ఒకే రకం ఆధారం ఉంటుంది, అంటే ఏదీ ఉండదు. పంపేటప్పుడు అంతా నోటిమాటే, తీసేసేటప్పుడు మాత్రం ఆర్డరు కాగితం మీద వస్తుంది.

2022 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఆయనకు 10 లక్షల రూపాయలు ఇవ్వమంది. ముందు 5 లక్షలు అని, ఆయన వయసు, పరిస్థితి విన్నాక పెంచింది. పేరు ఎక్స్‌గ్రేషియా. దయతో ఇచ్చేదని అర్థం, బాకీ తీర్చడం కాదు. అప్పటికి ఆయనకు 75 ఏళ్లు, జైలు నుంచి ఊరికి వచ్చి 33 ఏళ్లు. డబ్బు ఇవ్వమన్నారు గానీ ఉద్యోగం నుంచి తీసేసిన ఆర్డరు అలాగే ఉంది. తపాలా శాఖ లెక్కలో ఆయన ఈరోజుకీ చెప్పాపెట్టకుండా డ్యూటీకి ఎగ్గొట్టిన మనిషే.