చీనీ చెట్టుకు ప్రపంచ జ్ఞానం

అనంతపురం జిల్లా వారికి ఇంకా పొదుపు జబ్బు వదల్లేదు. బుక్కరాయసముద్రం దగ్గర ఒక చీనీ తోటలో డ్రిప్ వాల్వులు నడిపే కొత్త పెట్టె చూసి వచ్చాక ఈ మాట అంటున్నాను. మోటారు షెడ్డులో స్టార్టరు పక్కన బిగించారు. మూత తీస్తే ఒక మూల బల్లి గుడ్లు, మరో మూల ప్రోగ్రామును దాచుకునే 4 మెగాబైట్ల ఫ్లాష్ మెమరీ. చేయవలసిన పని వాల్వు తెరవడం, మూయడం. ఆ పాటి పనికి 32 కిలోబైట్ల చిప్పు చాలు. కానీ పరువు అనేది ఒకటుంది కదా!

ప్రోగ్రాము రాసిన భాష తన రన్‌టైమ్‌ను, అంటే ప్రోగ్రాము నడవడానికి కావలసిన సరంజామాను, సకుటుంబ సపరివారంగా వెంట తెచ్చుకుంది. అందులో ప్రపంచ దేశాల కాలమానాల పట్టిక ఉంది. సమోవా దీవులు 2011లో డిసెంబరు 30ను క్యాలెండరు నుంచి ఎత్తేసిన సంగతి ఆ పట్టికకు తెలుసు. దేశమంతటా ఒకే గడియారం నడిచే చోట చీనీ చెట్టుకు ఇంతటి లోకజ్ఞానం అబ్బడం సామాన్యమా?

గిట్టనివాళ్లు కొందరున్నారు. తప్పులు వెతకడానికి పెట్టుకున్న డీబగ్ సమాచారం ఒలిచేయమంటారు, దశాంశాలు ముద్రించే కోడ్ తీసేయమంటారు, ఎవరూ పిలవని ఫంక్షన్లను, అంటే వాడని కోడ్ ముక్కలను, ముక్కలన్నీ కలిపి ప్రోగ్రాముగా కుట్టే లింకరు చేత ఏరిపారేయించమంటారు. లింకరుకు ఉన్న ధర్మసంకటం వీరికేం తెలుసు? కొన్ని భాషల్లో ప్రోగ్రాము నడుస్తుండగా ఏ ఫంక్షన్‌నైనా పేరు పెట్టి పిలవవచ్చు. ఎవరికి పిలుపు వస్తుందో తెలియనప్పుడు ఎవరినీ బయటికి పంపలేం. పెళ్లికి ఎందరొస్తారో తెలియక ఊరంతటికీ వండించడం మన మర్యాదే కదా. చిన్న చిప్పుల కోసం పైథాన్ భాషను కుదించి చేసిన మైక్రోపైథాన్ అయితే 256 కిలోబైట్ల కోడ్ స్థలం, 16 కిలోబైట్ల ర్యామ్ ఉంటే సర్దుకుంటానంటుంది. కరువు జిల్లా కదా అని మెమరీలో కూడా మనకు కరువు అంటగట్టే కుట్ర ఇది. ఖండిస్తున్నాను.

తోట రైతుకు ఈ వైభవం అర్థం కాలేదు. "మూడో వాల్వుకు వేళ పెడితే మొదటిది చెరిగిపోతోంది సార్, లోపల జాగా లేదంటోంది" అన్నాడు. ఇంకా పెద్ద పెట్టె కొనుక్కోమని కంపెనీ మనిషి సెలవిచ్చాడు. ప్రస్తుతానికి రైతు ఏ వాల్వు ఎప్పుడు తిప్పాలో షెడ్డు తలుపు మీద సుద్దముక్కతో రాసుకుంటున్నాడు. ఆ తలుపుకు అప్‌డేట్లు అందవని కంపెనీ మనిషి ఆందోళన వ్యక్తం చేశాడు.