‘నా లక్ష్యం: మంచి ఉద్యోగం’ అని రాయించే ఆ ఫారాలు చింపేయాలి

ఈ మధ్య ఒక సోమవారం మా ట్రైనింగ్ సెంటర్‌లో కొత్త బ్యాచ్ చేరింది. టూ వీలర్ సర్వీసు కోర్సు. మొత్తం 26 మంది, అందరూ పదహారు, పదిహేడేళ్ళ వాళ్ళే. మొదటి రోజు తంతు ప్రకారం తలా ఒక ఫారం ఇచ్చాం. అందులో ‘నా లక్ష్యం’ అని ఒక గడి. సాయంత్రం లెక్కపెడితే 19 కాగితాల మీద ఒకే వాక్యం: ‘మంచి ఉద్యోగం సాధించి అమ్మానాన్నలను బాగా చూసుకోవడం’. ముందు బెంచీవాడు రాసింది వెనక బెంచీ దాకా పాకింది, అంతే. ఒకడు మాత్రం ‘ఐపీఎస్’ అని రాశాడు. వాణ్ణి నేనేమీ అనలేదు, కనీసం సొంతంగా రాశాడు.

ఈ ఫారాలు ఫైల్లోకి వెళ్తాయి. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్ళు తిరగేస్తారు. కోర్సు అయ్యేదాకా ఆ పిల్లాడు మళ్ళీ ఆ కాగితం మొహం చూడడు, నేనూ చూడను.

విజయవాడలో తొమ్మిదేళ్ళుగా ఈ ట్రైనర్ పనే చేస్తున్నాను కాబట్టి ఈ కోపం నా మీద కూడా. ఎందుకో చెప్తాను.

మూడేళ్ళ కిందట మా దగ్గర కోర్సు పూర్తి చేసిన ఒక కుర్రాడు బందరు రోడ్డు వైపు ఒక సర్వీస్ సెంటర్‌లో చేరాడు. చేరిన నాలుగో రోజు నాకు ఫోన్. “మాస్టారూ, ఈ షీటు మీద సంతకం మీదేనాండీ?” అని అక్కడి సూపర్‌వైజర్. నాదే. వాడికి ఏమేం పనులు వచ్చో చూపించే ఆ షీటులో ‘బ్రేకింగ్ సిస్టమ్ – సాధించాడు’ అని టిక్కు కూడా నాదే. జరిగిందేమిటంటే, వాడు ఒక బండి వెనక చక్రం విప్పి, బ్రేకు వేస్తే డ్రమ్ముకి రాసుకునే లైనర్లు మార్చి మళ్ళీ బిగించాడు. డ్రమ్మును మూసే బ్రేకు ప్లేటు చక్రంతో పాటు తిరిగిపోకుండా బయట నుంచి పట్టుకునే లింకు ఒకటుంటుంది. దాని నట్టు బిగించలేదు. చేత్తో పెట్టి వదిలేశాడు. అదృష్టం బాగుండి, టెస్ట్ రైడ్‌కి తీసే ముందు ఇంకో మెకానిక్ కంటపడింది. లేకపోతే ఆ బండి రోడ్డెక్కేది.

వాణ్ణి ఏమని తిట్టను? మా దగ్గర ఆ బ్యాచ్‌లో 28 మంది, విప్పడానికి ఉన్న బండి ఒకటి. ఆ రోజు వాడు మూడో వరసలో నిలబడి ఇద్దరి భుజాల మీదుగా చూశాడు. చూశాడు గనక నేను టిక్కు పెట్టాను. వాడి చేయి ఆ లింకు మీద ఒక్కసారి కూడా పడలేదు.

పైవాళ్ళు చెప్పింది తప్పు అనుకుంటారేమో, అదీ కాదు. 2013 డిసెంబరులో కేంద్రం తెచ్చిన జాతీయ నైపుణ్య అర్హతల చట్రం ఉంది, మా ఫీల్డులో అందరూ ఎన్‌ఎస్‌క్యూఎఫ్ అంటారు. ఎన్నేళ్ళు చదివాడన్నది కాదు, ఏం చేయగలడన్నది చూడాలనే దాని ఉద్దేశం. 2015లో మొదలైన కేంద్ర నైపుణ్య శిక్షణ పథకం, కౌశల్ వికాస్ యోజన కోర్సులు కూడా దాని మీదే నడుస్తాయి. చిక్కంతా గంటల దగ్గర వస్తుంది. ఐటీఐలో మోటార్ వెహికల్ మెకానిక్ అంటే రెండేళ్ళ కోర్సు. కౌశల్ యోజన రెండో విడతలో చిన్న కోర్సులకి పెట్టిన సమయం 150 నుంచి 300 గంటలు. ఆ గంటల్లో సిలబస్ మొత్తం ‘కవర్’ చేయాలి, హాజరు చూపించాలి, ప్లేస్‌మెంట్ చూపించాలి. దాంతో లక్ష్యాలన్నీ మా సెంటర్ల లక్ష్యాలైపోయాయి. పిల్లాడి లక్ష్యం ఆ గడిలో పడుకుని ఉంది.

అసలు లక్ష్యం పెట్టడమంటే ఏమిటో నాకు 2024 వరదల్లో తెలిసింది. సెప్టెంబరు ఒకటిన బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్ళు మునిగాయి కదా. నీళ్ళు తగ్గాక ఆటోనగర్‌లో, ఊళ్ళో సందు సందునా ఉన్న షెడ్ల ముందు బురద బళ్ళు బారులు తీరాయి. మా సెంటర్‌కి సెలవులు. తెలిసిన మేస్త్రి ఒకాయన మనుషులు చాలట్లేదంటే నలుగురు కుర్రాళ్ళని తీసుకెళ్ళాను. ఆయన ఫారం ఇవ్వలేదు. “ఒరేయ్, సాయంత్రానికి ఈ వరసలో బళ్ళన్నిటికీ ప్లగ్గు ఊడదీసి, ఆయిలు దింపి పెట్టాలి. అప్పటిదాకా ఎవడైనా సెల్ఫ్ నొక్కాడో, కిక్కు కొట్టాడో, చంపేస్తాను” అన్నాడు. సిలిండర్‌లో నీళ్ళుండగా స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది, ఆయన బెదిరింపు అందుకే. మొదటి బండికి మావాడొకడు గంట తీసుకున్నాడు. కింద ట్రేలోకి దిగిన ఆయిలు పాలు ఎక్కువైన టీ లాగా ఉంది. వాడు దాన్ని వేళ్ళ మధ్య రుద్ది చూసుకుని “అన్నా, నీళ్ళు కలిశాయి కదా” అన్నాడు. రెండు నెలలు నేను బోర్డు మీద ఇంజిన్ బొమ్మ గీసినప్పుడు రాని వెలుగు వాడి మొహంలో అప్పుడు వచ్చింది. వారం తిరిగేసరికి అదే పని ఇరవై నిమిషాల్లో లాగించేస్తున్నాడు.

అక్కడ పని ఏమిటో వాడికి తెలుసు, ఎప్పటికి కావాలో తెలుసు, ఏం ముట్టుకోకూడదో తెలుసు. అయిందో లేదో ట్రే చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

ఇక ‘కమ్యూనికేషన్ స్కిల్స్ మెరుగుపరచుకోవాలి’ అనే లక్ష్యం ఒకటి. ఇది చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ప్రతి ఫారంలో ఉంటుంది. దానికోసం పిల్లల్ని వరసగా నిలబెట్టి ‘మై నేమ్ ఈజ్’ చెప్పిస్తారు. షెడ్డులో వాడికి కావాల్సిన మాటలు వేరే. ఒకాయన వచ్చి “ఏదో సౌండ్ వస్తోంది బాబూ” అంటాడు. స్టార్ట్ చేసినప్పుడా, గేరు మార్చినప్పుడా, గుంటలో పడ్డప్పుడా, బ్రేకు వేసినప్పుడా అని అడగడం రావాలి. అడక్కుండా పానా పట్టుకున్నాడంటే సగం రోజు పోయినట్టే.

తప్పు జరిగినప్పుడు నోరు విప్పడం ఇంకా కష్టం. ఇంజిన్ కింద ఆయిల్ డ్రెయిన్ బోల్టు ఉంటుంది. బోల్టు ఉక్కు, అది ఎక్కే కేసు అల్యూమినియం. ముందు వేళ్ళతో రెండు మూడు చుట్లు సాఫీగా తిరగాలి, ఆ తర్వాతే పానా. వంకరగా పెట్టి పానాతో బలవంతంగా తిప్పితే ఎక్కినట్టే ఉంటుంది, లోపల మర కోసుకుపోతుంది. మా దగ్గర ఒకడు అదే చేసి, పైన గుడ్డతో తుడిచేసి ఊరుకున్నాడు. తెల్లారి బండి కింద నల్లటి మడుగు. నిలదీస్తే “చెప్తే తిడతారని, సార్” అన్నాడు. నిజమే, తిట్టేవాణ్ణి.

అందుకని ఇప్పుడు మా పిల్లల లక్ష్యాల్లో ‘ఏదైనా విరిగితే ఐదు నిమిషాల్లో చెప్పాలి’ అనేది ఉంది. దాని కింద నాది కూడా ఒకటి రాసి గోడకి అంటించాను: చెప్పినవాణ్ణి ఆ పూట తిట్టను. ఇప్పటికి రెండుసార్లు మాట తప్పాను.

ఫారం ఎలాగూ నింపక తప్పదు, నింపుతున్నాను. దాంతో పాటు తలా ఒక వంద పేజీల నోటుపుస్తకం ఇచ్చాను. వారానికి ఒక్క పని, వాడే ఎంచుకుని వాడే రాయాలి. ‘బ్రేకులు నేర్చుకోవాలి’ అని రాస్తే కొట్టేస్తాను. ‘చైన్ టైట్ చేయడం’ అన్నా ఒప్పుకోను. చైన్ ఎంత ఆడాలి? చాలా మామూలు బళ్ళకి మధ్యలో వేలితో ఎత్తి చూస్తే 20 నుంచి 30 మిల్లీమీటర్లు. ఆ అంకె రాయాలి, స్కేలు పెట్టి చూపించాలి. మూడు వేరువేరు బళ్ళ మీద, వేరువేరు రోజుల్లో, నా సాయం లేకుండా చేస్తేనే సంతకం. ఒకసారి కుదిరితే అది అదృష్టం కూడా అయ్యుండొచ్చు. ఈ పద్ధతిలో సిలబస్ వెనకబడుతోంది, నిజమే. మా ఆఫీసు నుంచి రోజూ అదే పోరు.

తోటి ట్రైనర్ ఒకాయన “నట్లూ బోల్టులేనా మాస్టారూ, పిల్లలకి పెద్ద కలలుండొద్దా?” అంటాడు. ఉండనివ్వండి, నేనెవర్ని వద్దనడానికి? సొంత షెడ్డు పెడతానన్నవాడు ఒకడున్నాడు. వచ్చిన బండికి ఏం చేయాలో రాసుకునే జాబ్ కార్డు రాయడం, ఏ పార్టు ఎంతకొచ్చింది, ఎంతకి వేశాం అని లెక్క కట్టడం వాడి పుస్తకంలో చేర్చాను. మొదటి వారం లెక్కలో 140 రూపాయలు తేడా వచ్చింది. అది ఎక్కడ పోయిందో వెతుక్కోవడం వాడి రెండో వారం పని. బ్యాచ్‌లో ఉన్న ఇద్దరమ్మాయిల్లో ఒకరికి కౌంటర్‌లో కూర్చునే సర్వీస్ అడ్వైజర్ పని ఇష్టం. ఆ అమ్మాయి పుస్తకంలో పనులు వేరు. 26 మందికీ ఒకే లక్ష్యం జిరాక్స్ తీయించి ఇవ్వడం కంటే ఇది కష్టమే, రాత్రి పది దాకా పుస్తకాలు దిద్దుతున్నాను. మా ఆవిడ “మళ్ళీ బీఈడీ చేశారా?” అని అడిగింది.

నిన్న ఒకడు పుస్తకం పట్టుకొచ్చాడు. ‘వెనక డ్రమ్ము బ్రేకు, లైనర్లు మార్చడం. 2 బళ్ళు అయ్యాయి. మూడోది సార్ బండి’ అని రాసుంది. నన్ను అడిగి రాయలేదు వెధవ. సరే, తాళం ఇచ్చాను. విప్పాడు, డ్రమ్ములో దుమ్ము తుడిచాడు, మార్చాడు, బిగించాడు. లింకు నట్టు బిగించి, అది ఊడిపోకుండా స్ప్లిట్ పిన్ను పెట్టి, నన్ను పిలిచి వేలు పెట్టి చూపించాడు. ఆ బండి మీదే ఆటోనగర్ గేటు నుంచి బెంజ్ సర్కిల్ మీదుగా ఇంటికొచ్చాను. సిగ్నల్ దగ్గర బాగానే ఆగింది కానీ కొంచెం కీచుమంటోంది. సంతకం పెట్టలేదు. రేపు పొద్దున మళ్ళీ విప్పమన్నాను.