విండోస్ 10 సిస్టమ్ తుక్కు కాదు: వాట్సాప్ మెసేజ్‌కి ఖండన

నెల్లూరు, ఒంగోలు గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "విండోస్ 10 ఆగిపోయింది, పాత సిస్టమ్ తుక్కుకే. లైనక్స్ వేస్తే తెలుగు టైపింగ్ రాదు, ప్రింటర్ కదలదు, డీటీపీ జరగదు, అన్నీ నల్ల స్క్రీన్‌లో కమాండ్లే" అని. లైనక్స్ అంటే విండోస్ బదులు ఉచితంగా వేసుకునే ఆపరేటింగ్ సిస్టమ్. ఈ మాటల్లో పూర్తిగా నిజం డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు, కార్డులు కూర్చే పని) గురించి అన్నది ఒక్కటే.

"ఆగిపోయింది": ఆగలేదు. 2025 అక్టోబర్ 14తో ఆగినవి ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు. ఇంటి సిస్టమ్‌ని నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా అవీ ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్ ఉన్న సిస్టమ్‌కి విండోస్ 11 అధికారికంగా ఎక్కదు, సరే. లైనక్స్‌లో తేలికరకమైన లైనక్స్ మింట్ 22 ఎక్స్‌ఎఫ్‌సీఈ (Linux Mint 22 Xfce) దానిమీద హాయిగా నడుస్తుంది, 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. అమ్మేవాళ్లు ఈ సంగతి ఎందుకు చెబుతారు లెండి.

"తెలుగు రాదు": మింట్‌లోని సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో భారతీయ భాషల టైపింగ్‌కి పనికొచ్చే ఐబస్-ఎం17ఎన్ (ibus-m17n) వేసి, లాగవుట్ అయి మళ్లీ రండి. ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో తెలుగు కింద ఇన్‌స్క్రిప్ట్, యాపిల్, ఆర్‌టీఎస్ కీబోర్డు పద్ధతులు కనిపిస్తాయి. డీటీపీ షాపుల్లో వాడే అను సాఫ్ట్‌వేర్‌లో యాపిల్ కీబోర్డుకి అలవాటుపడ్డ వేళ్లు కొత్తగా నేర్చుకునేది పెద్దగా ఉండదు.

"ప్రింటర్ కదలదు": ఏ ప్రింటరో చెప్పకుండా ఈ మాట అనకూడదు. ఎప్సన్ ఎల్ సిరీస్‌కి డ్రైవర్ దొరుకుతుంది. జిరాక్స్ షాపుల్లో కనిపించే హెచ్‌పీ లేజర్‌జెట్ 1020తోనే పేచీ. దాని ఫర్మ్‌వేర్ (ప్రింటర్‌ని నడిపే లోపలి ప్రోగ్రామ్) ప్రింటర్‌లో నిలవదు, స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటరే పంపాలి. ఆ ఫైలు హెచ్‌పీ విడిగా ఇచ్చే ప్లగిన్‌లో ఉంటుంది. ప్లగిన్ లేకపోతే జాబ్ వెళ్లినట్టే ఉంటుంది, కాగితం మాత్రం లాగదు. నెట్ ఉన్నప్పుడు టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండో) హెచ్‌పీ-ప్లగిన్ (hp-plugin) ఒక్కసారి నడిపితే సరి. లైనక్స్‌లో హెచ్‌పీ ప్రింటర్లని నడిపే హెచ్‌ప్లిప్ (HPLIP) వెర్షన్ మారితే ప్లగిన్‌ని మళ్లీ అడుగుతుంది, రెండూ ఒకే వెర్షన్ కావాలి. కేనన్ ఎల్‌బీపీ 2900 మాత్రం నిజంగా తలనొప్పే, దానికి మింట్‌లో సిద్ధంగా డ్రైవర్ ఉండదు.

"డీటీపీ జరగదు": ఒప్పుకుంటాం. అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకీ ఒకటే అక్షర సంకేతాల పద్ధతి) కావు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చినవి. పేజ్‌మేకర్‌లో పెళ్లి కార్డులు కొట్టే షాపు ఆ ఒక్క సిస్టమ్‌ని విండోస్‌లోనే ఉంచుకోవాలి. ట్యాలీకీ అంతే.

"అన్నీ కమాండ్లే": రోజువారీ పనికి అక్కర్లేదు. తుపాను రోజున అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయి సిస్టమ్ లేవకపోతే మాత్రం నల్ల స్క్రీన్ చూడాల్సి వస్తుంది. ఆన్ చేస్తూ ఎస్కేప్ నొక్కండి, పాత బయాస్ అయితే షిఫ్ట్ పట్టుకోండి. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో రికవరీ మోడ్, అందులో డీపీకేజీ (dpkg) ఎంచుకుంటే సగంలో ఆగినవి పూర్తవుతాయి.

నమ్మకం కుదరకపోతే ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడండి. 8 జీబీది చాలు, రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో మింట్ ఐఎస్ఓ ఫైలు ఎక్కించేటప్పుడు అందులోవన్నీ చెరిగిపోతాయి. డెస్క్‌టాప్ మీది ఇన్‌స్టాల్ బొమ్మని నొక్కనంతవరకు విండోస్ జోలికి పోదు. ఈలోగా వైఫై, సౌండ్, ప్రింటర్ పరీక్షించుకోండి. వైఫై దొరక్కపోతే ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్‌తో ఫోన్ నెట్ ఇచ్చి, డ్రైవర్ మేనేజర్ తెరవండి. మింట్‌లోంచి విండోస్ డిస్క్‌లో ఏమీ రాయనివ్వకపోతే కారణం చాలావరకు ఫాస్ట్ స్టార్టప్ (విండోస్ పూర్తిగా ఆగకుండా త్వరగా లేచే ఏర్పాటు), విండోస్‌లోకి వెళ్లి దాన్ని ఆపి, పూర్తిగా షట్‌డౌన్ చేసి రండి.